అరవై ఆంపియర్లు చాలు

మనిషి కరెంటు బోర్డు అడిగే తీరును బట్టి వాడి బుర్రలో సరుకెంతో చెప్పేయగలనని గురప్పకు నమ్మకం. కువైట్‌లోని ఫహాహీల్ బస్టాండు వెనక సందులో పద్దెనిమిదేళ్ళుగా ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి నడుపుతున్నాడు. “నా ఇంట్లో ఫలానావి ఉన్నాయి, అన్నీ నడవాలి, ఏ బోర్డు సరిపోతుంది?” అని అడిగేవాడు వందకు ఒక్కడు. ఆ ఒక్కడికి కుర్చీ వేసి, పక్క హోటల్ నుంచి చాయ్ తెప్పించేవాడు. మిగతా తొంభైతొమ్మిది మందీ “ఉన్నవాటిలో పెద్దది తియ్యి” అనేవాళ్ళు. వాళ్ళకు పెద్దదే తీసేవాడు, పెద్దదే అమ్మేవాడు, మనసులో మాత్రం వాళ్ళను ఐదు ఆంపియర్ల ఫ్యూజు కింద జమకట్టేసేవాడు.

పందొమ్మిదివందల తొంభై ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. వాళ్ళనూ ఆ లెక్కలోనే వేశాడు గురప్ప. మూడో నాడు అతని అంగడి షట్టరు పగలగొట్టి లోపలికి వచ్చిన సైనికులు గాజు దీపాల గుత్తులు పట్టుకుపోయారు. పిట్టలా కూసే కాలింగ్ బెల్లులు పట్టుకుపోయారు. పెళ్ళిళ్ళకు వేలాడదీసే రంగుబల్బుల దండలు మెడలో వేసుకుని మరీ పోయారు. వెనక గదిలో రాగి కేబుల్ చుట్టలు చుట్టలుగా ఉంది, బ్రేకర్లు డబ్బాలకు డబ్బాలు ఉన్నాయి. ముందు గదిలోని సరుకంతా కలిపినా వాటిలో నాలుగో వంతు విలువ చేయదు. ఒకడు ఆ గదిలోకి తొంగిచూసి, ఇనుప సామానని ముఖం చిట్లించుకుని వెనక్కి వచ్చేశాడు. దోచుకోవడానికైనా సరుకు తెలియాలి. దేశాన్ని పట్టుకున్నారు గానీ మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలియని మూక అనుకున్నాడు గురప్ప, పగిలిన గాజు ఊడ్చుకుంటూ.

అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి అంగడి తన పేర పెట్టిన కువైటీ యజమాని, అంతకంటే ఘనుడు. మొదటి రోజు పొద్దెక్కకముందే పెళ్ళాం పిల్లలతో సౌదీ సరిహద్దు దాటేశాడు. దాటే ముందు ఫోన్ చేసి, “అంగడి జాగ్రత్త, గురప్పా” అన్నాడు. సైన్యానికి ఎదురు నిలవవలసింది ఎవరో అప్పటికే తేల్చేసుకున్నాడన్నమాట.

గురప్పకు దిగులు అంగడి గురించి కాదు. చెల్లెలు వెంకటేశ్వరి గురించి. నందలూరు నుంచి నాలుగేళ్ళ కింద తనే పిలిపించి, మంగఫ్‌లో ఒక ఇంట్లో పనికి పెట్టించాడు. సైన్యం వచ్చిందని తెలియగానే ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, నగలు సర్దుకుంది, తివాచీలు సర్దుకుంది, చిలక పంజరం కూడా కారులో పెట్టుకుంది. వెంకటేశ్వరితో మాత్రం రెండు రోజుల్లో వచ్చేస్తాం, గేటు దగ్గర ఉండమని చెప్పి పోయింది. చిలకకు చోటున్న కారులో నాలుగేళ్ళు గిన్నెలు తోమిన మనిషికి చోటు లేకపోయింది.

గురప్ప గదిలో ఐదుగురు మగవాళ్ళు. చెల్లెల్ని అక్కడ పెట్టలేడు. అహ్మదీ రోడ్డు పక్కన మూతబడిన ఒక కాంట్రాక్టు కంపెనీ యార్డులో పోర్టా క్యాబిన్ ఒకటి ఉంది. లారీ మీద ఎక్కించి ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోయే రేకుల ఇల్లు. ఇలా యజమానులు వదిలేసి పోయిన ఆడవాళ్ళు పదకొండు మంది అప్పటికే అందులో చేరారు. వెంకటేశ్వరి పన్నెండోది. జోర్డాన్ మీదుగా ఊరికి పోయే బస్సుల్లో వంతు వచ్చేదాకా అక్కడే ఉండాలి. బయట నలభై ఎనిమిది డిగ్రీల ఎండ. రేకుల ఇంట్లో ఏసీ లేకపోతే అది ఇల్లు కాదు, రొట్టెల పొయ్యి.

ఆ క్యాబిన్‌కు ఉన్న కరెంటు బోర్డును సైనికులు గోడ నుంచి పెరికి, లోపలేముందో చూసి, పనికిరాదని పారేసి పోయారు. కొత్త బోర్డు కోసం ఈశ్వరయ్య గురప్ప అంగడికి వచ్చాడు.

ఈశ్వరయ్యది రాయచోటి పక్క. కువైట్ సిటీ మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో ఫైళ్ళు అందించే పని చేసేవాడు. సైన్యం వచ్చాక ఆ ఆఫీసు టైపు మిషను చంకలో పెట్టుకుని ఫహాహీల్ చేరాడు. బస్సులకు పేర్ల జాబితా ఇంగ్లీషులో కొట్టిచ్చే మనిషి కావలసి వచ్చింది. ఈశ్వరయ్య కొట్టిచ్చాడు. రెండో వారానికల్లా ఆ జాబితా తనదైపోయింది, మూడో వారానికి తనే కమిటీ అయిపోయాడు. కమిటీలో ఇంకెవరున్నారో ఎవరికీ తెలియదు. అడిగితే జాబితాలో కిందికి పోతామని ఎవరూ అడగలేదు. ఆ రోజు అతని వెంట పుల్లయ్య వచ్చాడు. ఊళ్ళో లైన్‌మాన్ వెనకాల నిచ్చెన మోసిన అనుభవంతో ఇక్కడ ఎలక్ట్రీషియన్‌నని చెప్పుకునే మనిషి.

“గురప్పా, కమిటీ తరఫున వచ్చినాము. ఆడోళ్ళ క్యాబిన్‌కు బోర్డు కావల్ల. ఉండేటివాట్లో పెద్దది తియ్యి” అన్నాడు ఈశ్వరయ్య.

గురప్ప ఎప్పటిలాగే లెక్క అడిగాడు. ఏసీలు ఎన్ని, ఫ్రిజ్ ఉందా, వంటకు కరెంటు పొయ్యి పెడతారా, దీపాలు ఎన్ని. ఏసీలు రెండు, ఫ్రిజ్ ఒకటి, పొయ్యి ఒకటి, ట్యూబులు నాలుగని పుల్లయ్య చెప్పాడు. గురప్ప వేళ్ళ మీదే కూడాడు. ఏసీకి పన్నెండు చొప్పున ఇరవైనాలుగు. పొయ్యికి ఎనిమిది. ఫ్రిజ్, దీపాలు కలిపి నాలుగు. అంతా ముప్పైఆరు. ఎండకాలపు దెబ్బకు పైన మరో పది వేసుకున్నా యాభై దాటదు. వెనక గది నుంచి చిన్న బోర్డొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అరవై ఆంపియర్ల మెయిన్, ఎనిమిది దారులు, వాటికి ముందు లీకు బ్రేకర్ ఒకటి. రేకుల ఇంటికి ప్రాణం కాపాడేది ఆ లీకు బ్రేకరే. కరెంటు వైరు వదిలి రేకులోకి కారితే, మనిషి పట్టుకుని విలవిల్లాడకముందే అది టక్కున కొట్టి కరెంటు ఆపేస్తుంది.

ఈశ్వరయ్య ఆ బోర్డును చూసి పెదవి విరిచాడు. వెనక గదిలోకి తనే నడిచి, గోడకు ఆనించి ఉన్న పెద్ద బోర్డు మీద చెయ్యి వేశాడు. ఆయిల్ కంపెనీ బంగళాల కోసం తెప్పించిన అమెరికా సరుకది. బూడిదరంగు ఉక్కు తలుపు, తాళంచెవి, రెండువందల ఆంపియర్లు.

“ఇది దాచిపెట్టి మాకు అగ్గిపెట్టె చూపిస్తాండావా? దీన్ని సైనికులకు అమ్ముకుంటావా ఏంది?”

“అది బంగళాకప్పా. నీ క్యాబిన్‌కు వచ్చే కేబుల్ అరవైకి మించి మోయదు. రెండువందల మెయిన్ పెడితే కేబుల్ కాలిపోయినా ఇది కొట్టదు. ఇంటికి అరవై ఆంపియర్లు చాలు.”

“పన్నెండు మంది ఆడోళ్ళ ప్రాణాల మాట. చాలు గీలు అని పిసినారి లెక్కలు చెప్పొద్దు. కమిటీ పెద్దదే కావాలంటాంది.”

కమిటీ అన్న ఆ ఒక్క మాటకు గురప్పలో ఏదో పుల్ల విరిచినట్టయింది. ఇంకా రెండు మాటలు చెప్పవలసినవి ఉన్నాయి. ఆ పెద్ద బోర్డులో, వాడిన కరెంటు వెనక్కి పోయే న్యూట్రల్ తీగల పట్టీని పెట్టె ఇనుముకు కలిపి బిగించిన ఆకుపచ్చ స్క్రూ ఒకటి ఉంటుంది. ఇటుకల ఇంట్లో దానితో ఇబ్బంది లేదు. క్యాబిన్‌లో ఆ స్క్రూను తీసి పారేయాలి, లేకపోతే లైనులో ఎక్కడ న్యూట్రల్ తెగినా ఇంటి రేకంతా కరెంటు ఎక్కి కూర్చుంటుంది. ఆ మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఈశ్వరయ్య అప్పటికే ఉక్కు తలుపు తెరిచి మూసి, ఆ టప్పుమనే చప్పుడుకు మురిసిపోతున్నాడు. వీడికి చెప్పడం గోడకు చెప్పడం ఒకటే అనుకున్నాడు గురప్ప. అడిగినవాడికి అడిగిందే ఇవ్వడం వ్యాపారం. డబ్బు తీసుకోలేదు, మాటా ఇవ్వలేదు. పుల్లయ్య బోర్డును భుజాన వేసుకుని పోయాడు. గురప్ప చిన్న బోర్డును తీసి అరలో పెట్టేశాడు. బిగించేటప్పుడు పోయి చూసి ఉండవచ్చు. పిలవని చోటికి పోవడం అతనికి అలవాటు లేదు.

నాలుగో నాడు మధ్యాహ్నం ముత్తన్న వచ్చాడు. జగిత్యాల మనిషి, ఆ యార్డులోనే ఇంకో మూల కూలీల షెడ్డులో ఉంటాడు. ఇనుప రాడ్ ఏమన్నా ఉందా అని అడిగాడు.

“రాడ్ ఏంటికి ముత్తన్నా?”

“ఈశ్వరయ్య సార్ తెమ్మన్నడన్నా. ఇప్పుడున్న ఒక్క రాడ్‌తోని లైటు ఎర్రగ మిణుకుమిణుకుమంటున్నది. ఏసీ గాలైతే తోల్తది గని సల్లగైతలేదు. ఇంకోటి దిగ్గొడితె మంచిగైతదట.”

గురప్ప చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. ఒక్క రాడ్‌తో దీపం వెలగడం ఏమిటో అతనికి ముత్తన్న నోటి నుంచి వినవలసిన పని లేదు. ఆ విద్య తమ ఊళ్ళది. బావి కాడ దొంగ కరెంటుకు స్తంభం తీగ మీద ఒక్క కొక్కెం వేసి ఫేజు తెచ్చుకుంటారు. రెండో తీగ లాగే దిక్కు ఉండదు. తడిమడిలో గునపం దిగ్గొట్టి దాన్నే న్యూట్రల్‌గా వాడుకుంటారు. వరిమడి ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి దీపం వెలుగుతుంది, మోటారు మూలుగుతూ తిరుగుతుంది. పుల్లయ్య నిచ్చెన మోసి నేర్చుకున్న చదువంతా అదే. అదే చదువును అతను ఎడారికి తెచ్చాడు.

“ఇసుకలో రాడ్‌కు కరెంటు పట్టదు కదా. ఎట్లా వెలుగుతాంది?”

“నీళ్ళు పోస్తున్రన్నా. గంటకో బకీటు. ఉప్పు గూడ కలిపి. పుల్లయ్య చెప్పిండు. ఆడోళ్ళు వంతులేస్కున్నరు.” ముత్తన్న కాస్త నవ్వాడు. “తలుపు పట్టుకుంటె జుమ్మంటుందట. ఈశ్వరయ్య సార్ ఏమో, తిండి లేక నరాలు బలహీనమైనయి, చెప్పులేస్కొని పొండ్రి అన్నడు.”

“ఈ పొద్దు ఎవరి వంతు?”

“మీ చెల్లెదే అనుకుంట. నేనొచ్చెటప్పుడు బకీటు పట్టుకొని ఉండె.”

 గురప్ప అరలోంచి చిన్న బోర్డు తీశాడు, పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. లెక్క చాలా చిన్నది. న్యూట్రల్ ఎక్కడో తెగింది. పుల్లయ్య వెతకకుండా రాడ్ దిగ్గొట్టాడు. ఆకుపచ్చ స్క్రూ అలాగే ఉంది. అంటే ఏసీ నుంచి, ఫ్రిజ్ నుంచి తిరిగి వచ్చే కరెంటంతా క్యాబిన్ రేకుల్లో నిలబడి, భూమిలోకి దిగే దారి వెతుక్కుంటోంది. పొడి ఇసుక మీద రబ్బరు చెప్పులతో ఉన్నంతసేపు జుమ్మంటుంది. ఉప్పునీళ్ళలో తడిసిన కాళ్ళతో తలుపు పట్టుకున్న మనిషి దానికి దొరికిన దారి.

ముత్తన్నను పక్కన ఎక్కించుకుని పాత డాట్సన్ పికప్పు తీశాడు. అహ్మదీ రోడ్డు మలుపులో చెక్‌పోస్టు. ఒక సైనికుడు బోర్డును చూసి రేడియోనా అని అడిగాడు. గురప్ప మూత తీసి చూపించాడు. వాడు బ్రేకర్ల మీటలు నాలుగుసార్లు టకటకలాడించి, పాట రాదని రూఢి చేసుకుని, బోర్డును తిరిగి చేతిలో పెట్టాడు. పికప్పును మాత్రం ఉంచేసుకున్నాడు. దిగి నడవమన్నాడు. ఎదురు మాట్లాడితే వాడి చేతిలో తుపాకీ ఉంది. ఆ బేరంలో మోసపోయింది వాడేనని ఆ పూటకు గురప్ప లెక్క. వాడికి నాలుగు చక్రాలు దక్కాయి. తనకు కావలసింది తనకు దక్కింది.

రెండు కిలోమీటర్లు ఎండలో నడిచారు. బోర్డును తువ్వాలు చుట్టి నెత్తి మీద పెట్టుకున్నాడు గురప్ప. ముత్తన్న తనకిమ్మన్నా ఇవ్వలేదు.

యార్డు గేటు దాటగానే కనిపించింది. క్యాబిన్ మెట్ల పక్కన ఇసుకలో జానెడు పైకి తేలిన ఇనుప రాడ్. దాని చుట్టూ మంచమంత మేర తడి. వెంకటేశ్వరి వంగి బకెట్‌లోంచి చెంబుతో నీళ్ళు పోస్తోంది. చెప్పులు మెట్టు కింద విడిచి ఉన్నాయి. తడిబురదలో అవి జారుతాయని విడిచి ఉంటుంది. మెట్ల పక్కన చేతికి ఆసరాగా ఇనుప కమ్మీ ఉంది. అది క్యాబిన్ రేకుకే అతికి ఉంది.

పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుంది. తిరిగేటప్పుడు నడుము ఆనడానికి కమ్మీ పట్టుకుంటుంది. ఆ కమ్మీకీ ఆమె చేతికీ మధ్య మూరెడు దూరం. యార్డు మెయిన్ స్విచ్ గేటు పక్క స్తంభానికి ఉంది, గురప్పకు ఆరడుగులు. గురప్ప నోరు మూసుకున్నాడు. నెత్తి మీది బోర్డును ముత్తన్న చేతుల్లోకి తోసి, స్తంభం దగ్గరికి పోయి మెయిన్ లాగేశాడు.

క్యాబిన్‌లో గాలి ఆగింది. వెంకటేశ్వరి నడుము నిటారు చేసి, కమ్మీ పట్టుకుని, ఇటు చూసింది. ఆమెకేమీ తెలియదు. గురప్ప లాగిన మీటను ఇంకోసారి కిందికి నొక్కి చూసుకున్నాడు. 

ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అందరిలో పెద్దది సుబ్బాయమ్మ. ఉన్న ఆ కాస్త గాలినీ ఆపిన పుణ్యాత్ముడెవరని ఆమె అడిగింది. గురప్ప రాడ్ సంగతి చెప్పబోయేలోపే షెడ్డు నీడలోంచి ఈశ్వరయ్య వచ్చాడు, వెనకాల పుల్లయ్య. చేతిలో జాబితా ఉంది. ఎవరి అనుమతితో మెయిన్ లాగావని గద్దించాడు. గురప్ప అతణ్ణి పక్కకు తీసుకుపోయి, తక్కువ మాటల్లో చెప్పాడు. న్యూట్రల్ తెగింది, నీ మనిషి గునపం చదువు ఇక్కడ చదివాడు, ఈ ఇల్లు నాలుగు రోజులుగా మనిషిని చంపడానికి కాచుకుని కూర్చుంది. పుల్లయ్య నేలకేసి చూశాడు. అతనికి అర్థమైంది. ఈశ్వరయ్యకు కూడా అర్థమైంది, కాకపోతే అర్థమైంది వేరు. ఈ మాట ఆడవాళ్ళకు తెలిస్తే కమిటీకి తలవంపులని అర్థమైంది.

“గురువారం మొదటి బస్సు” అన్నాడు గొంతు తగ్గించి. “ముప్పైఎనిమిది సీట్లు. నీ చెల్లెలిది పదకొండో నంబరు. కమిటీ పనికి అడ్డం పడినోళ్ళ పేర్లు ఏం జెయ్యాల్నో నాకు తెల్సు.”

“నీకేం కావల్ల?”

“నాకేం వద్దప్పా. షాకు కొట్టింది నీ సరుకు చెడ్డదైనందుకని నువ్వే ఒక మాట చెప్పు, అందరి ముందర. తర్వాత నీకిష్టమొచ్చిన బోర్డు పెట్టుకో.”

గురప్ప అతని ముఖంలోకి చూశాడు. పద్దెనిమిదేళ్ళలో తన అంగడి నుంచి పోయిన సరుకు ఒక్కటీ చెడిపోయి తిరిగి రాలేదు. ఫహాహీల్‌లో అది అందరికీ తెలిసిన మాట. ఈ పన్నెండు మందీ పన్నెండు ఊళ్ళకు పోతారు. పోయిన చోటల్లా నందలూరు గురప్ప అమ్మిన బోర్డు మమ్మల్ని చంపబోయిందని చెప్పుకుంటారు. ఒక మనిషి పేరు మొత్తం ఈ ఫైళ్ళ బంట్రోతు టైపు మిషను కింద పడి నలగాలి. అటు పదకొండో నంబరు. బరువు తూచడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇలాంటివాడి ముందు తల వంచవలసి వచ్చిందన్న రోత మాత్రం మిగిలింది.

ఆడవాళ్ళ ముందుకు పోయి నిలబడ్డాడు.

“అమ్మా, లోపల ఉండే బోర్డు నా అంగట్లోది. ఈ ఇంటికి అది తగదు. తగదని నాకు తెల్సు. తెలిసీ ఇచ్చినాను. తప్పు నాది.”

ఈశ్వరయ్య తల ఊపాడు, తను చెప్పమన్నదే చెప్పాడని. సుబ్బాయమ్మ కొంగు నడుముకు బిగించింది.

“తెలిసీ ఇచ్చినావా? నీకూ ఒక చెల్లెలుండాది కదా ఈ ఇంట్లో. అంగట్లో కూచున్నోళ్ళకు మనుషులు కనపడరా నాయనా, గల్లాపెట్టే కనపడతాదా?”

డబ్బు తీసుకోలేదని చెప్పవచ్చు. గురప్ప చెప్పలేదు. బోర్డు పట్టుకుని లోపలికి పోయాడు.

మిగతాదంతా పని. ఉక్కు తలుపు పెద్ద బోర్డును విప్పి బయట పెట్టాడు. తెగిన న్యూట్రల్ వెతకడానికి కేబుల్ వెంబడే ఇసుక తవ్వుకుంటూ పోయారు అతనూ ముత్తన్నా. గేటు దగ్గర దొరికింది. ట్యాంకు ఒకటి లోపలికి వచ్చి తిరిగిపోయిన జాడ మీదే, కేబుల్ అప్పడంలా అణిగి ఉంది. రెండు తీగల్లో ఒకటి తెగింది, ఒకటి మిగిలింది. పుల్లయ్య నాలుగడుగులు తవ్వి చూసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు అతనే పలుగు పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే తవ్వుతున్నాడు.  గురప్ప తెగిన చోట కోసి, కలిపి, బిగించి, టేపు చుట్టాడు. రాడ్‌కు దాని పని దానికి ఇచ్చాడు. న్యూట్రల్‌గా కాదు, రేకుల ఇంటికి ఎర్తుగా. కొత్త బోర్డులో న్యూట్రల్ పట్టీ వేరు, ఎర్తు పట్టీ వేరు. రెండూ ఒకదాన్నొకటి తాకకుండా స్క్రూలు బిగిస్తుంటే వెంకటేశ్వరి వచ్చి పక్కన నిలబడింది.

“ఆ మాట ఈశ్వరయ్య చెప్పమన్నాడా అన్నా?”

“చెప్పమన్నాడు.”

“మరి అబద్ధమేనా?”

గురప్ప ఒక స్క్రూ పూర్తిగా తిప్పి, ఇంకోటి మొదలుపెట్టాడు.

“చెడ్డ బోర్డు కాదు. తగని బోర్డు. ఆ పొద్దు వానితో వాదించడం నాకు నామోషీ అనిపించింది. తీసుకుపోయి చావనీలే అనుకున్నా.”

“చచ్చేది వాడు కాదు కదా” అంది వెంకటేశ్వరి. గొంతులో కోపం కూడా లేదు. “వాని తలకాయలో ఏముందో చూసినావు. వాడు ఎవరింటికి కొంచబోతాండాడో చూడలా. నాలుగు దినాలు నీళ్ళు పోసినా అన్నా నేను. తలుపు జుమ్మంటాందని సుబ్బాయక్క బయటే పండుకుంటానంటే, మా అన్న ఇచ్చిన బోర్డు, ఏమీ కాదు, లోపలికి రా అని నేనే పిలుచుకొచ్చినా.”

 ఐదు ఆంపియర్ల ఫ్యూజులుగా ఎందరెందరినో జమకట్టిన మనిషి గురప్ప. ఈ లెక్కలో తనను ఎక్కడ వేసుకోవాలో తెలియక స్క్రూడ్రైవరు తుడుచుకున్నాడు.

ముత్తన్న స్తంభం దగ్గర మెయిన్ ఎత్తాడు. గురప్ప బోర్డులో మీటలు ఒక్కొక్కటే వేశాడు. లీకు బ్రేకర్ మీది చిన్న బొత్తాం నొక్కి చూశాడు. టక్కున కొట్టింది. మళ్ళీ వేశాడు. ఏసీలు రెండూ ఒకసారి గుర్రుమని, పట్టుకున్నాయి. ట్యూబులు తెల్లగా వెలిగాయి. ఆడవాళ్ళు మాత్రం మెట్ల కింద నుంచి కదల్లేదు. నాలుగు రోజులు కరిచిన తలుపును ఎవరు ముట్టుకుంటారు? బోర్డు ఇచ్చినోడినే ముట్టుకోమను అంది వెనక నుంచి ఎవరో. న్యాయమే అనిపించింది గురప్పకు. లెక్క సరిగ్గా ఉంది, తెలుసు. అయినా చెప్పులు విడిచి తడి ఇసుక మీదికి దిగేసరికి, ఇసుకలో పూడ్చిన అతుకు గుర్తొచ్చి, చెయ్యి ముందుకు పోవడానికి ఒక్క క్షణం వెనకాడింది.

ఆ క్షణంలోనే వెంకటేశ్వరి అతణ్ణి దాటుకుని పోయింది. ఒట్టి కాళ్ళతో తడిలో నిలబడి, అరచెయ్యి మొత్తం తలుపు రేకు మీద ఆనించింది. కాసేపు అలాగే ఉంచింది.

“ఏం లేదు” అంది, సుబ్బాయమ్మతో. “రండి.”

ఒక్కొక్కరే ఎక్కి లోపలికి పోయారు. ఎవరూ గురప్ప వైపు చూడలేదు.  షెడ్డు నీడలో ఈశ్వరయ్య పెద్ద బోర్డును పడుకోబెట్టి, దాని మీద కూర్చుని, జాబితాలో ఏదో దిద్దుతున్నాడు. గురప్ప పేరు నలభయ్యో నంబరు నుంచి రెండువందల పదహారుకు దిగింది. పదకొండును మాత్రం ముట్టుకోలేదు. అంతవరకూ వాడు మాట మీద నిలబడ్డాడు. అంతకు మించి వాడి నుంచి గురప్ప ఆశించిందీ లేదు.

గురువారం పొద్దున్నే బస్సు వచ్చింది. మొదటి సీట్లో ఈశ్వరయ్యే కూర్చున్నాడు, టైపు మిషను ఒళ్ళో పెట్టుకుని. తర్వాతి బస్సులకు పేర్లు ఎవరు చూస్తారని ఎవరో అడిగితే, కమిటీ చూస్తుందన్నాడు. వెంకటేశ్వరికి కిటికీ పక్క చోటు దొరికింది. గురప్ప కింద నిలబడి, నీళ్ళ సీసాలు రెండు పైకి అందించాడు. ఇరాక్‌లో బస్రా దాటేదాకా ఎక్కడా దిగొద్దని చెప్పాడు. చెప్పిందే రెండుసార్లు చెప్పాడు.

“ఆ క్యాబిన్‌లోకి ఈ పొద్దు సాల్మియా నుంచి ఇంకో పదిమంది ఆడోళ్ళు వస్తాండారంట” అంది ఆమె. “వాళ్ళకు దాని సంగతి ఏం తెలీదు.”

“పోతా.”

“ఎవరన్నా పిలిస్తేనా?”

గురప్ప తల అడ్డంగా ఊపాడు. బస్సు కదిలి దుమ్ములో కలిసిపోయాక, పనిముట్ల సంచి భుజాన వేసుకుని అహ్మదీ రోడ్డు పట్టాడు.